ఫొటో పెట్టి చీర వెతికేటప్పుడు నేతని వదిలేస్తున్నారు

సంపాదకులు గారికి నమస్కారం.

ఏఐతో చేనేతని నిలబెడతాం, నేతన్నకి ఆన్‌లైన్ మార్కెట్ చూపిస్తాం అని వచ్చే వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం, సంతోషమే, కానీ ఒక చీర ఫొటో పెట్టి అలాంటి ఇంకో చీర వెతకడం అనే చిన్న పని దగ్గరే ఇవన్నీ బోర్లా పడుతున్నాయి, దాని గురించి ఎవరూ రాయట్లేదు కాబట్టి నేనే రాస్తున్నా. కొంచెం పెద్ద ఉత్తరం, ఓపిక చేసుకుని వేయండి, కత్తిరించాల్సి వస్తే లెక్కలు కత్తిరించండి గానీ చివర్లో అడిగింది మాత్రం ఉంచండి.

నేను ఈసీఈలో బీటెక్ చేసి విజయవాడ వన్‌టౌన్‌లో ఒక చీరల హోల్‌సేల్ షాపులో ఫొటోలు, ఆన్‌లైన్ ఆర్డర్లు చూసుకుంటా. ఇమేజ్ ప్రాసెసింగ్ మీద ఇష్టం మాత్రం కాలేజీతో పోలేదు. మాకు వాట్సాప్‌లో వచ్చే మెసేజుల్లో చాలావరకు ఒకటే రకం, ఎవరి పెళ్లిలోనో ఎవరో కట్టుకున్న చీర ఫొటో, కింద "ఇలాంటిది ఉందా అండీ, రేటెంత" అని. మా సేల్స్‌మేన్ ఒకాయన ఫోన్ దగ్గరికి లాక్కుని రెండు సెకన్లు చూసి "ఇది మంగళగిరి, మిస్సింగ్ చెక్స్, మూడో బీరువాలో చూడు" అంటాడు, రంగు వేరే అయినా సరే తీసుకొచ్చి చూపిస్తాడు, కస్టమర్ కూడా ఒప్పుకుంటది. అదే పని ఫొటోతో వెతికే యాప్‌కి చెప్పామనుకోండి. ముదురు ఆకుపచ్చ మంగళగిరి కాటన్, సన్న గళ్లు, నిజాం బార్డర్ ఉన్న ఫొటో పెడితే వచ్చినవి ఏంటంటే ఆకుపచ్చ జార్జెట్, ఆకుపచ్చ క్రేప్, ఆకుపచ్చ కుర్తీ, వాటి మధ్యలో ఒక ఆకుపచ్చ కర్టెను.

ఎందుకిలా అంటే రంగు లెక్కపెట్టడం తేలిక. ఫొటోలో ఏ రంగు పిక్సెళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కేసి ఆ లెక్కల్ని పోల్చి వెతకడం అనే పద్ధతి 1991లో స్వెయిన్, బాలార్డ్ అనే ఇద్దరు చూపించారు, హిస్టోగ్రామ్ అంటారు. దీంట్లో ఉన్న బొక్క మా బట్టల వాళ్లకి ఒక్క ముక్కలో అర్థమైపోద్ది. సగం నలుపు సగం తెలుపు ఉన్న హాఫ్ అండ్ హాఫ్ చీర ఒకటి తీసుకోండి, నలుపు తెలుపు చిన్న గళ్ల చీర ఇంకోటి తీసుకోండి. రెండింట్లోనూ నలుపు సగం, తెలుపు సగం. హిస్టోగ్రామ్‌కి రెండూ ఒకటే చీర! ఏ రంగు ఎంత ఉందో తెలుసు గానీ ఏ పిక్సెల్ పక్కన ఏ పిక్సెల్ ఉందో దానికి తెలీదు, నేత అంటేనే ఆ పక్కపక్కన ఉండటం కదా.

ఆ పక్కపక్కన లెక్క కూడా కొత్తదేం కాదు. 1973లోనే హరాలిక్, షణ్ముగం, డిన్‌స్టీన్ అని ముగ్గురు కలిసి రాసిన పేపర్లో ఉంది, జీఎల్‌సీఎం (గ్రే లెవెల్ కో-అకరెన్స్ మ్యాట్రిక్స్) అంటారు, బీటెక్‌లో ఇమేజ్ ప్రాసెసింగ్ చదివిన పిల్లలందరూ వినే పేరే. చేసేది ఇంతే. ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేసి నలుపు నుంచి తెలుపు వరకు ఒక 8 మెట్లుగా కుదించండి. 8 అడ్డ వరసలు, 8 నిలువు వరసలతో ఒక పట్టిక గీయండి. ఇప్పుడు ఫొటోలో ప్రతి పిక్సెల్ దగ్గర ఆగి దాని కుడి పక్కదాన్ని చూడండి, ఇది 3, పక్కది 5 అయితే పట్టికలో 3-5 గడిలో ఒక గీత. ఫొటో అంతా ఇలా తిరిగితే పట్టిక నిండుద్ది. ప్లెయిన్ గుడ్డ అయితే పక్కపక్కవి దాదాపు ఒకటే కాబట్టి గీతలన్నీ మూల నుంచి మూలకి ఏటవాలుగా ఉన్న గడుల్లోనే పడతాయి. నిలువు చారల గుడ్డ అయితే కుడి పక్కకి చూసినప్పుడు తేడాలు ఎక్కువొచ్చి ఏటవాలు గడులకి దూరంగా గీతలు పడతాయి, అదే గుడ్డని కిందకి చూస్తూ లెక్కేస్తే మళ్లీ ఏటవాలు మీదకే వచ్చేస్తాయి, అంటే ఈ రెండు పట్టికలు చూసి చారలు పడుగు (నిలువు పోగులు) వెంబడి ఉన్నాయా పేక (అడ్డ పోగులు) వెంబడి ఉన్నాయా అని ఫొటో చూడకుండానే చెప్పొచ్చు. ఐమూలగా కూడా కలిపి నాలుగు దిక్కులు చూస్తారు. ఆ పట్టికల్లోంచి కాంట్రాస్టు (పక్కపక్కవాటి మధ్య తేడా ఎంత), ఎంట్రోపీ (ఎంత చిందరవందరగా ఉంది) లాంటి 14 లెక్కలు తీయమన్నారు వాళ్లు, నా అనుభవంలో నాలుగైదు చాలు, మిగతావి అదే మాటని ఇంకోలా చెప్పేవి. పైన చెప్పిన హాఫ్ అండ్ హాఫ్ చీరకి కాంట్రాస్టు దాదాపు సున్నా, గళ్ల చీరకి గడి ఎంత చిన్నదైతే అంత ఎక్కువ. రెండూ వెంటనే విడిపోయాయి.

దీని తర్వాత ఫిన్లాండ్‌లో ఔలు అనే ఊరి యూనివర్సిటీ వాళ్లది ఎల్‌బీపీ (లోకల్ బైనరీ ప్యాటర్న్) వచ్చింది, 1990ల్లో, అది ఇంకా తేలిక, నాకు బాగా నచ్చింది కూడా అదే. ఒక పిక్సెల్, దాని చుట్టూ 8 పిక్సెళ్లు. చుట్టూ ఉన్నది నడిమిదానికంటే తక్కువైతే 0, లేకపోతే 1. ఎనిమిది అంకెలు వరసగా రాస్తే 0 నుంచి 255 లోపు ఒక నంబరు, ఏ నంబరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క, అయిపోయింది. ఎంత తేడా ఉంది అని చూడదు, పెద్దదా చిన్నదా అని మాత్రమే చూస్తది, అందువల్ల షాపులో ట్యూబ్‌లైట్ కింద తీసినా డాబా మీద తీసినా మొత్తం మీద వెలుతురు పెరిగి తగ్గినంత మాత్రాన దీని లెక్క పెద్దగా మారదు. 256 నంబర్లలో ఎక్కువ సార్లు వచ్చేవి కొన్నే అని తేల్చి వాటిని 59 గడులకి కుదించారు తర్వాత. దీనికి ఒక రోగం ఉంది, ఏ గీతా లేని నున్నటి గుడ్డ మీద వెలుతురు చాలనప్పుడు కెమెరా వేసే చుక్కల్ని పట్టుకుని అదే నేత అనుకుంటది, రాత్రి పూట తీసిన శాటిన్ ఫొటో పెట్టి చూడండి తెలుస్తది.

గాబర్ ఫిల్టర్లని మూడోది ఉంది. ఇంత సందు ఉన్న, ఇంత వాలు ఉన్న చారలు ఎక్కడున్నాయి అని వెతికే జల్లెడ అనుకోండి, సందు మార్చి మార్చి, వాలు మార్చి మార్చి చాలా జల్లెడలు పడతారు. అమెరికాలో శాంటా బార్బరా యూనివర్సిటీ నుంచి మంజునాథ్, మా అనే ఇద్దరు 1996లో ఫొటోలు వెతకడానికే దీన్ని వాడి చూపించారు, 4 సైజులు, 6 దిక్కులు, ఒక్కో జల్లెడకి రెండు అంకెలు, మొత్తం 48 అంకెలు. ఫొటోకి 48 అంకెలే అండి! మా షాపులో ఉన్న పాత డబ్బా కంప్యూటర్ మీద వేల చీరల్ని కళ్లు మూసి తెరిచేలోపు పోల్చి పడేస్తది, దీనికి లక్షలు పోసి సర్వర్లు, గ్రాఫిక్ కార్డులు కొనక్కర్లేదు.

మరి ఇప్పుడు బోలెడు ఫొటోలు చూపించి కంప్యూటర్‌కే నేర్పే డీప్ లెర్నింగ్ వచ్చాక ఈ ముసలి లెక్కలెందుకు అంటారు మా తమ్ముడు లాంటి వాళ్లు. నిజమే, మన బట్టల మీద ట్రైనింగ్ ఇస్తే అది వీటికంటే బాగా చేస్తది, కాదనను. కానీ మామూలు వస్తువుల ఫొటోల మీద ట్రైన్ చేసిన మోడల్ తెచ్చి పెడితే అది "చీర" అంటది, అక్కడితో దాని తెలివి ఆగిపోద్ది, మాకు ఏ చీరో కావాలి. ఇంకో తమాషా ఏంటంటే జర్మనీలో ట్యూబింగెన్ వాళ్లు 2019లో చూపించారు, పిల్లి ఆకారానికి ఏనుగు చర్మం అతికించి ఇలాంటి మోడళ్లకి చూపిస్తే ఏనుగు అన్నాయి, అంటే అవి కూడా ఆకారం కంటే చర్మాన్నే ఎక్కువ పట్టుకుంటున్నాయి. కాబట్టి ఏ దారిలో పోయినా చివరికి నేత ఫొటోలో సరిగ్గా పడిందా లేదా అన్న దగ్గరికే రావాలి. అసలు గొడవంతా అక్కడే ఉంది.

కొంచెం లెక్క చూడండి. అంగుళానికి 60 పోగులున్న గుడ్డ అనుకుందాం. పోగు పోగు విడిగా తెలియాలంటే ఒక్కో పోగుకి కనీసం రెండు పిక్సెళ్లు కావాలి, అంటే అంగుళానికి 120. ఇప్పుడు మేమందరం చేసేది ఏంటి, బొమ్మకి చీర కట్టి నిలువునా ఫొటో తీస్తాం. బొమ్మ అయిదున్నర అడుగులు, 66 అంగుళాలు. 12 మెగాపిక్సెల్ ఫోన్లో పొడవు 4000 పిక్సెళ్లు. భాగిస్తే అంగుళానికి 60 చిల్లర. సగం. అంటే ఫొటో తీసిన క్షణంలోనే నేత పోయింది, ఆ తర్వాత ఏ ఏఐ తెచ్చి పెట్టినా లేనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తది. పోవడమే కాదు, ఇలా సరిపోనప్పుడు గుడ్డలో లేని అలలు ఫొటోలో తేలతాయి, టీవీలో సన్నచారల చొక్కా వేసుకున్నాయన కదిలితే చొక్కా మీద అలలు పాకుతాయి చూడండి అవే, వెతికే ప్రోగ్రాం ఆ అలల్ని డిజైన్ అనుకుని అలల డిజైన్ చీరలు తెచ్చి చూపిస్తది.

సరే దగ్గరగా తీశాం అనుకోండి, ఆ ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపుతాం. అది పిక్సెళ్లు తగ్గించి, జేపెగ్ అనే ఫొటో సైజు తగ్గించే పద్ధతిలో గట్టిగా నొక్కి పంపుతది. జేపెగ్ ఫొటోని 8కి 8 పిక్సెళ్ల చిన్న చతురస్రాలుగా కోసి, ప్రతి దాంట్లో సన్న సన్న తేడాల్ని ముందు పారేస్తది, మనిషి కంటికి మొహాలు, ఆకాశం బాగానే కనపడతాయి కాబట్టి ఎవరికీ నష్టం లేదు, బట్టకి మాత్రం ఆ సన్న తేడాలే ప్రాణం. ఎక్కువ నొక్కితే ప్రతి 8 పిక్సెళ్లకీ ఒక సన్నని గీత మిగులుద్ది. అప్పుడు ఏమవుద్దంటే అలా నొక్కిన ఫొటోలన్నీ, పట్టు అయినా కాటన్ అయినా, ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి, ఎందుకంటే అన్నింట్లోనూ ఆ గీతల వల ఉంది కదా. దీని మీద ఒకసారి ప్రింటవుట్ పెద్దగా తీసి మా ఓనర్ గారికి చూపిస్తే "ఇదేంట్రా దోమతెరలా ఉంది" అన్నారు. అదే ఫొటో డాక్యుమెంట్‌గా పంపితే ఈ బాధ లేదు, కానీ ఎవరు పంపుతారు.

ఇక కాలేజీల సంగతి, ఇది రాస్తే కొందరికి కోపం వస్తది. మన విజయవాడ, గుంటూరు చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలకి కొదవ లేదు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో "టెక్స్చర్ ఫీచర్లతో ఇమేజ్ రిట్రీవల్" అనేది ఏటా కనపడే టైటిల్. చాలామంది ప్రాజెక్ట్ సెంటర్లో డబ్బులు కట్టి కోడు, రిపోర్టు, పీపీటీ మొత్తం కట్టగా తెచ్చుకుంటారు, అది అందరికీ తెలిసిందే, ఇక్కడ ఎవరి పేరూ చెప్పట్లేదు. ఆ కట్టలో ఉండే ఫొటోలు బ్రోడాట్జ్ అనే ఆయన ఆల్బమ్‌వి. ఆయన 1966లో ఆర్టిస్టుల కోసం, డిజైనర్ల కోసం గడ్డి, ఇటుక గోడ, చెట్టు బెరడు, కాన్వాస్ గుడ్డ ఇలాంటివన్నీ దగ్గరగా బ్లాక్ అండ్ వైట్‌లో తీసి వేసిన 112 ఫొటోల పుస్తకం అది, కంప్యూటర్ వాళ్లు దాన్నే పట్టుకుని దశాబ్దాలు నడిపారు, తప్పేం లేదు, అప్పట్లో వేరే లేవు. కానీ పరీక్ష పెట్టే తీరు చూడండి, ఒక్కో ఫొటోని 16 ముక్కలు కోసి, ఒక ముక్క ఇచ్చి మిగతా 15 తెమ్మంటారు. ఒకే వెలుతురు, ఒకే కెమెరా, ఒకే గుడ్డ, ఒకే రోజు. అందులో తొంభై పైన శాతం వచ్చింది అని వైవాలో చెప్తే మార్కులేస్తారు. అదే ప్రోగ్రాంని మంగళగిరిలో ఒక చేనేత సొసైటీకి తీసుకెళ్లి నిన్న ఒక ఫోన్‌తో, ఇవాళ ఇంకో ఫోన్‌తో తీసిన అదే చీర ఫొటోలు ఇవ్వండి, ఎంత వస్తదో చూద్దాం. అలా పరీక్ష పెట్టి నలభై శాతం వచ్చినా నేనైతే ఆ పిల్లలకే ఎక్కువ మార్కులు వేస్తా.

బ్రోడాట్జ్ ఆల్బమ్‌లో మంగళగిరి లేదు, వెంకటగిరి లేదు, ఉప్పాడ జాందానీ లేదు, చీరాల లేదు. మరి మనం తీసుకోవాలి కదా. మగ్గాలు ఇక్కడే ఉన్నాయి, కాలేజీలు ఇక్కడే ఉన్నాయి, మధ్యలో ఉన్నది బస్సెక్కితే అయిపోయే దూరం. గుంటూరు పిల్లలకి బట్టలు బోర్ కొడితే మిర్చి యార్డు ఉంది, బ్యాడిగి కాయ ముడతలు ముడతలుగా ఉంటది, తేజ సన్నగా నున్నగా ఉంటది, రంగుతో పని లేకుండా ముడతతో వేరు చేసే ప్రోగ్రాం రాయొచ్చు, కానీ నా ఉత్తరం చీరల గురించి కాబట్టి వదిలేస్తున్నా.

సొసైటీల వాళ్లతో మాట్లాడితే ఒక భయం చెప్తారు, ఆ భయం న్యాయమైందే. మా డిజైన్లు దగ్గరగా ఫొటోలు తీసి అందరికీ అందేలా పెడితే రేపు మరమగ్గం వాడు దించేస్తాడు, ఇప్పటికే దించుతున్నాడు, 1985 నుంచి చేనేతకి కొన్ని రకాలు కేటాయించిన చట్టం ఉన్నా బజార్లో ఏం జరుగుతుందో మీకు తెలీదా అని. దీనికి దారుంది. పాత రకాలు, అందరికీ తెలిసినవి, వాటి ఫొటోలు బయట పెట్టండి. కొత్త డిజైన్లకి ఫొటో సొసైటీ దగ్గరే ఉంచి అంకెలు మాత్రం ఇవ్వండి. పైన చెప్పిన ఎల్‌బీపీలో ఏ నమూనా ఎన్నిసార్లు వచ్చిందో ఉంటది గానీ ఎక్కడ వచ్చిందో ఉండదు, ఆ 59 అంకెలు చేతిలో పెట్టుకుని ఎంత తెలివైనవాడైనా చీర డిజైన్ గీయలేడు. వెతకడానికి మాత్రం అవే పనికొస్తాయి. బజార్లో ఎక్కడైనా అనుమానం వచ్చిన చీర కనపడితే అలాగే ఫొటో తీసి అంకెలు పోల్చుకోవచ్చు, దగ్గరగా వచ్చినవాటిని తర్వాత మనిషి చూసుకుంటాడు.

ఇది చూసి చేనేతా మరమగ్గమా అని ఫొటోతోనే తేల్చేస్తాం అని ఎవరైనా యాప్ అమ్మడానికి వస్తే మాత్రం నమ్మొద్దు. ఇక్కత్ లాంటి దాంట్లో నిజం నేతా ప్రింటా అన్నది కొంత తెలుస్తది, ఎందుకంటే నేసే ముందే పోగులకి ముడులు కట్టి రంగు అద్దుతారు కాబట్టి నిజం ఇక్కత్‌లో డిజైన్ అంచు పోగు వెంబడి ఈకలా చెదిరి ఉంటది, ఇక్కత్ పేరుతో అమ్మే ప్రింటులో అంచు కత్తితో కోసినట్టు ఉంటది, ఆ తేడా జీఎల్‌సీఎం పట్టికలో పక్క పిక్సెల్‌కి బదులు ఇంకొంచెం దూరంలో ఉన్న పిక్సెల్‌తో లెక్కేసి చూస్తే బాగానే కనపడుద్ది. ప్లెయిన్ కాటన్ దగ్గరికొస్తే నాకైతే నమ్మకం లేదు, మంచి గుంటమగ్గం నేతగాడి పేక అంత సమానంగా పడుద్ది మరి, మిషన్ కూడా కుళ్లుకోవాలి.

చేనేత శాఖ వాళ్లని, ఇక్కడి కాలేజీల్లో ప్రాజెక్టులు చూసే సార్లని, మేడమ్‌లని అడిగేది ఇది. ఈ ఏడాది ఫైనల్ ఇయర్‌లో ఈ టైటిల్ ఎవరు తీసుకున్నా బ్రోడాట్జ్ ఫొటోలు ఒప్పుకోం, మగ్గం దగ్గరికెళ్లి మీరే తీసుకురండి అని చెప్పండి. తీసేటప్పుడు చీర మడత విప్పి బల్ల మీద ముడత లేకుండా పరవాలి, పక్కన స్టీలు స్కేలు పెట్టాలి, ఒక ఆరంగుళాల మేర ఫొటో నిండా వచ్చేలా పైనుంచి నిటారుగా తీయాలి, అప్పుడు పోగుకి పది పదకొండు పిక్సెళ్లు వస్తాయి. వెలుతురు ఒక పక్క కిటికీ నుంచి ఏటవాలుగా పడాలి, ఫ్లాష్ వద్దు, బ్యూటీ మోడ్ తీసేయాలి. ఒళ్లు ఒకటి, అంచు ఒకటి, కొంగు ఒకటి, వెనక వైపు ఒకటి, ఇవే నాలుగూ వేరే ఫోన్‌తో వేరే రోజు ఇంకోసారి. పక్కన కాగితం మీద ఎన్నో కౌంటు నూలు (నూలు ఎంత సన్నం), ఏ ఊరు, ఏ మగ్గం, అంగుళానికి పడుగెన్ని పేకెన్ని, నేసినాయన్నే అడిగి రాసుకోండి, ఆయన పేరు పెట్టాలో వద్దో కూడా ఆయన్నే అడగండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి, వాట్సాప్‌లో వద్దు. మా షాపులో ఉన్న స్టాకు వరకు ఇలా తీసుకోవడానికి మా ఓనర్ గారు ఒప్పుకున్నారు, ఆదివారాలు మాత్రం రావొద్దు, ఆ రోజు రద్దీ.

ఇట్లు,
ఒక చీరల షాపు ఉద్యోగి,
వన్‌టౌన్, విజయవాడ.